వంశంలో లేని మూర్ఛ
సీమ జబ్బుల చరిత్ర – 11వ భాగం

నారికురుపు కథ కిందటి భాగంతో ముగిసింది. దిగుడుబావుల్లో కాళ్లు పెట్టి నీళ్లు ముంచుకున్నంత కాలం సీమ పల్లెల్ని పీడించిన ఆ పురుగు, మందూ టీకా ఏదీ లేకుండానే పోయింది. నీళ్లు వడగట్టుకోవడం, మెట్లబావులు మానేసి బోరింగులకు మళ్లడం, అంతే. 2000లో ప్రపంచ ఆరోగ్య సంస్థ భారతదేశానికి ఆ పీడ వదిలిందని ధ్రువీకరించింది. ఈ భాగంలోనూ ఒక పురుగే కథానాయిక. కాకపోతే నారికురుపును కళ్లారా చూసి పుల్లకు చుట్టి లాగిన మనవాళ్లు, ఈ పురుగును మాత్రం పురుగుగా ఇంకా గుర్తించలేదు. దాని పనిని వంశం ఖాతాలో రాసేస్తున్నారు. కోడుమూరులోనో, దేవనకొండలోనో, ఎమ్మిగనూరులోనో పెళ్లిసంబంధం కుదుర్చుకునేటప్పుడు పొలమెంత, చదువెంత అన్న తర్వాత గొంతు తగ్గించి అడిగే ప్రశ్న ఒకటుంది: వాళ్లింట్లో ఎవరికన్నా ఫిట్స్ ఉన్నాయా? గాలి సోకిందనీ, దయ్యం పట్టిందనీ అనే మాట నాలుగు అక్షరాలు చదివినవాళ్ల నోట ఇప్పుడు వినపడదు. దాని స్థానంలో కూర్చున్నది ‘వంశంలో ఉంది’ అనే మాట. వినడానికి ఇది శాస్త్రంలా ఉంటుంది కాబట్టి దీన్ని ఎవరూ నిలదీయరు. మన ప్రాంతపు మూర్ఛల్లో పెద్ద భాగానికి ఈ మాట వర్తించదనీ, దానికి రుజువు దొరికి చాలా కాలమైందనీ, అయినా ఆ రుజువు పెళ్లిపందిరి దాకా రాలేదనీ చెప్పడమే ఈ వ్యాసం పని.

వంశం అనే వాదన దయ్యం కంటే కొత్తదేమీ కాదు. గ్రీకు వైద్యుడు హిపోక్రటిస్ పేరుతో నిలిచిన గ్రంథాల్లో మూర్ఛ మీద ప్రత్యేకంగా ఒకటుంది. ఇది దేవతల కోపం కాదు, మెదడులో పుట్టే జబ్బు అని అంత పాతకాలంలోనే తెగేసి చెప్పిన గ్రంథమది. చిత్రమేమిటంటే, దేవతల్ని బయటికి పంపిన ఆ చేత్తోనే ఆ గ్రంథం ఈ జబ్బు తల్లిదండ్రుల నుంచి పిల్లలకు వచ్చేదని కూడా రాసింది. మన చరకసంహిత అపస్మారాన్ని వాత, పిత్త, కఫ, సన్నిపాతాలుగా నాలుగు రకాలు చేసి చికిత్స చెప్పింది. ఆ పద్ధతిని ఒప్పుకున్నా లేకున్నా, రోగిని రోగిగా చూసిందన్నది నిజం. వంశం వాదన క్రూరంగా మారింది 20వ శతాబ్దంలో. అమెరికాలో వర్జీనియా రాష్ట్రం మూర్ఛరోగులకూ, బుద్ధిమాంద్యం ఉన్నవారికీ కలిపి నడిపిన ఆశ్రమం నుంచే బలవంతపు కుటుంబనియంత్రణ ఆపరేషన్ల కేసు అక్కడి సుప్రీంకోర్టుకు వెళ్లి, 1927లో ప్రభుత్వం పక్షాన తీర్పు వచ్చింది. 1933లో హిట్లర్ ప్రభుత్వం చేసిన చట్టంలో ‘వంశపారంపర్య మూర్ఛ’ పేరు పెట్టి మరీ చేర్చారు. మన సంగతి చూద్దాం. 1955 నాటి హిందూ వివాహ చట్టంలో మొదట మూర్ఛ ప్రస్తావన లేదు. 1976 సవరణలో ‘పదేపదే పిచ్చి లేదా మూర్ఛ వచ్చేవారు’ పెళ్లికి అనర్హులంటూ చేర్చారు. బ్రిటన్ తన చట్టంలో దాదాపు ఇవే మాటల్ని 1971లో తీసిపారేస్తే, ఐదేళ్లకు మనం వాటిని ఏరి తెచ్చుకున్నామన్నమాట. ఇండియన్ ఎపిలెప్సీ అసోసియేషన్ వంటి సంస్థలు ఏళ్లతరబడి పోరాడాక 1999 సవరణతో ఆ మాట తొలగింది. చట్టంలోంచి పోయింది గానీ, సంబంధాలు కుదిర్చేవాళ్ల నోట్లోంచి పోలేదు.

ఇక పురుగు సంగతి. పంది మాంసంలో ఒక్కోసారి సగ్గుబియ్యం గింజల్లాంటి తెల్లటి తిత్తులు కనిపిస్తాయి. అవేమిటో 1850ల దాకా ఎవరికీ సరిగ్గా తెలియదు. కూకెన్‌మీస్టర్ అనే జర్మన్ వైద్యుడు, మరణశిక్ష పడ్డ ఖైదీకి తెలియకుండా అతని తిండిలో ఆ తిత్తులు కలిపించి, శిక్ష అమలయ్యాక పేగులు కోసి చూశాడు. అక్కడ చిన్న చిన్న బద్దెపురుగులు అతుక్కుని ఉన్నాయి. ఈ రోజుల్లో అలాంటి ప్రయోగం చేసినవాడు జైలుకే పోతాడు, కానీ పంది ఒంట్లోని తిత్తీ మనిషి పేగులోని బద్దెపురుగూ ఒకే ప్రాణి రెండు దశలని తేలింది అలాగే. సరిగ్గా ఉడకని పంది మాంసం తిన్న మనిషి పేగులో అది కొన్ని మీటర్ల పొడవు పెరుగుతుంది. ఆ మనిషికి పెద్ద బాధేమీ ఉండదు. అదే అసలు చిక్కు. అతని మలంలో వేలకొద్దీ గుడ్లు, కంటికి కనపడనివి, బయటికి పోతుంటాయి. ఆరుబయటి మలాన్ని పంది తింటే గుడ్లు దాని కండలో తిత్తులవుతాయి. అవే గుడ్లు చేతుల ద్వారా, నీళ్ల ద్వారా, పచ్చి కూరల ద్వారా ఇంకో మనిషి నోట్లోకి పోతే, ఆ పురుగు అతన్నీ పంది లాగే వాడుకుంటుంది. కండలో, కంటిలో, మెదడులో తిత్తి కడుతుంది. ఈ రెండు దారుల్ని కలిపి ఒకటిగా అనుకోవడం వల్లే మన ఊళ్లలో ఇంత గందరగోళం. మాంసం తింటే వచ్చేది పేగులో పురుగు. గుడ్డు మింగితే వచ్చేది మెదడులో తిత్తి. మూర్ఛకు కారణం రెండోది.

తిత్తికీ మూర్ఛకూ ఉన్న సంబంధానికి మొదటి గట్టి సాక్ష్యం ఈ దేశానికి వచ్చిపోయిన తెల్లసిపాయిల నుంచి దొరికింది. 1930ల మొదట్లో విలియం మెకార్థర్ అనే బ్రిటిష్ సైనిక వైద్యుడు ఒక విషయం గమనించాడు. కారణం తెలియని మూర్ఛ అని పట్టీ రాసి సైన్యం ఇంటికి పంపిన సిపాయిల్లో చాలామంది ఇండియాలో పనిచేసి వచ్చినవాళ్లే. వాళ్ల చర్మం కింద చిన్న చిన్న గడ్డలు తగిలేవి. కోసి చూస్తే పంది పురుగు తిత్తి. ఆ తర్వాత డిక్సన్, లిప్స్‌కోంబ్ అనే ఇద్దరు ఇలాంటి 450 మంది చరిత్రల్ని ఏళ్లతరబడి వెంటాడి 1961లో అచ్చువేశారు. ఎక్కువమందికి పురుగు సోకిన ఏడేళ్ల లోపు ఫిట్స్ మొదలయ్యాయి, కొందరికి ఇరవై ఏళ్లు దాటాక. ఆ జాప్యానికి కారణం తర్వాత తేలింది. బతికున్న తిత్తి ఒంటి రక్షణ వ్యవస్థ కళ్లుగప్పి గమ్మున ఉంటుంది. అది చచ్చేటప్పుడు గుట్టు బయటపడి, చుట్టూ వాపు వచ్చి, మెదడు రేగుతుంది. చరిత్ర రాసేవాడికి ఇక్కడ ముఖ్యమైనది మరొకటి. ఆరోగ్యం పరీక్షించి ఎంచుకున్న సిపాయిలు వాళ్లు. వాళ్లలో ఈ జబ్బు వంశం వల్ల అని చెప్పడానికి ఏ ఆధారమూ లేదు. బళ్లారిలోనో సికింద్రాబాదులోనో దండుకు దిగిన సిపాయికి వచ్చిన జబ్బు, ఆ దండు పక్క పల్లెల్లో జీవితాంతం బతికిన మనవాళ్లకు రాకుండా ఉంటుందా? ఈ చిన్న ప్రశ్న అప్పట్లో ఎవరూ గట్టిగా అడిగినట్టు కనపడదు. పింఛను లెక్కల కోసం సిపాయిని లెక్కపెట్టారు, రైతుకూలీని లెక్కపెట్టే అవసరం ఎవరికీ రాలేదు.

అడిగింది రాయవేలూరు.  కర్నూలుకు వైద్య కళాశాల వచ్చింది 1956లో. అంతకుముందూ, ఆ తర్వాత చాలా కాలమూ, మెదడుకు సంబంధించిన జబ్బంటే సీమవాసికి దిక్కు మద్రాసు, బెంగళూరు, లేదా వేలూరు. వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో జాకబ్ చాందీ 1949లో ప్రారంభించిన న్యూరోసర్జరీ విభాగం దేశంలోనే మొదటిది. మాంట్రియల్‌లో మూర్ఛ శస్త్రచికిత్సకు పేరుమోసిన వైల్డర్ పెన్‌ఫీల్డ్ దగ్గర నేర్చుకుని వచ్చిన చాందీ, 1952లో మూర్ఛకు ఆపరేషన్ కూడా చేశాడు. మన కథకు కావాల్సిన ఘట్టం మూడు దశాబ్దాల తర్వాతది. సీటీ స్కాన్ వచ్చాక దేశమంతటా డాక్టర్లకు ఒక వింత కనపడసాగింది. ఫిట్స్‌తో వచ్చినవాళ్ల మెదడులో ఒకే ఒక్క చిన్న మచ్చ, చుట్టూ ఉంగరంలా మెరుపు. మన దేశంలో క్షయ ఎక్కువ, కాబట్టి ఇది మెదడు క్షయ గడ్డే అనుకున్నారు. నెలల తరబడి క్షయ మాత్రలు వాడించారు. మళ్లీ స్కాన్ తీస్తే మచ్చ మాయం. మందు పనిచేసిందని డాక్టరు సంతోషం, జబ్బు పోయిందని రోగి సంతోషం. వేలూరులో మాథ్యూ చాందీ, వేదాంతం రాజశేఖర్, వారి సహచరులు ఆ సంతోషాన్ని అనుమానించారు. క్షయ మందు వాడకుండా, కేవలం ఫిట్స్ మాత్రలే వాడినా మచ్చ వారాల్లోనో నెలల్లోనో తగ్గిపోతున్న సందర్భాలు ఉన్నాయి. క్షయ గడ్డ అలా తనంతట తాను కరిగిపోదు. అలాంటి మచ్చల్ని శస్త్రచికిత్సతో తీసి సూక్ష్మదర్శిని కింద పెట్టి చూస్తే కనపడింది క్షయ కాదు, చచ్చిపోతున్న తిత్తి. 1989లో లాన్సెట్ పత్రికలో వారి మొదటి నివేదిక వచ్చింది, 1991లో వివరమైనది. మందు వేశాక తగ్గింది గనక మందు వల్లే తగ్గిందని నమ్మే తప్పు మంత్రగాడి దగ్గరే కాదు, స్కాన్ గదిలోనూ జరుగుతుందని ఇంతకంటే స్పష్టంగా చూపిన ఉదాహరణ మన వైద్య చరిత్రలో తక్కువ.

దీనివల్ల చికిత్స ఎంత మారిందో చూడండి. ఏడాది, ఏడాదిన్నర పాటు క్షయ మందులు మింగి, కాలేయం పాడుచేసుకునే అవస్థ తప్పింది. కపాలం తెరిచే అవసరం కూడా చాలామందికి పోయింది. మచ్చ ఒక్కటే ఉండి 20 మిల్లీమీటర్లకు మించకపోతే, తలలో ఒత్తిడి పెరిగిన లక్షణాలు గానీ రోజురోజుకీ ముదిరే బలహీనత గానీ ఒంట్లో మరో చోట జబ్బు గానీ లేకపోతే, కోయకుండానే తిత్తి అని నిర్ధారించవచ్చని వేలూరు బృందం కొలమానం తయారుచేసి, దాన్ని పరీక్షించి మరీ చూపింది. మచ్చ పూర్తిగా కరిగితే చాలామందికి ఫిట్స్ మాత్రలు డాక్టరు పర్యవేక్షణలో తగ్గించి ఆపేయవచ్చు. సున్నపు చుక్కగా మిగిలిపోతే ఎక్కువ కాలం వాడాలి. తిత్తిని చంపే ఆల్బెండజోల్ ఎవరికి ఇవ్వాలి, ఎవరికి ఇవ్వకూడదు అన్న వాదన చాన్నాళ్లు నడిచింది. తిత్తులు చాలా ఉండి మెదడు వాచినవాళ్లకు ఆ మందు మేలు కంటే కీడు చేయవచ్చు, అందుకే మందుల షాపులో అడిగి కొనుక్కునే మాత్ర కాదది. మొత్తమ్మీద, జీవితాంతం మోయాల్సిన శాపం అనుకున్నది చాలామంది విషయంలో కొన్నాళ్ల జబ్బుగా తేలింది. పెళ్లికి అభ్యంతరం చెప్పేవాళ్లు మొదట వినాల్సింది ఈ మాట.

‘మేం పందిని ముట్టం, మాకెందుకు వస్తుంది?’ సీమలో వైశ్యులూ బ్రాహ్మణులూ లింగాయతులూ ముస్లిములూ అందరూ అడిగే మాటే ఇది, న్యాయమైన మాటే. దీనికి జవాబు న్యూయార్కు నుంచి వచ్చింది. అక్కడి సనాతన యూదులు మతనిష్ఠతో పందిని దరిచేరనివ్వరు. అలాంటి సమాజంలో ఒకరికొకరు సంబంధం లేని నలుగురికి మెదడులో ఈ తిత్తులు కనపడ్డాయని 1992లో అమెరికా వైద్యులు ప్రకటించారు. వెతికితే తేలింది ఇంటిపనివాళ్ల ద్వారా వచ్చి ఉంటుందని. పురుగు వ్యాపించిన దేశాల నుంచి పనికి వచ్చినవాళ్లు వాళ్లు, వాళ్లలో ఒకరి పేగులో పురుగు ఉంది. పంది ఆ ఇంటి గడప తొక్కలేదు, గుడ్డు మాత్రం కంచంలోకి వచ్చింది. దీనికి తిరగేసిన సాక్ష్యం కేరళలో ఉంది. అక్కడ పంది మాంసం తినేవాళ్లు బాగా ఉన్నారు, కానీ మరుగుదొడ్ల వాడకం మొదటి నుంచీ మెరుగు. మెదడు తిత్తులు అక్కడ అరుదు. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే నేరం ఏ కులం తిండిదీ కాదని తెలుస్తుంది. పందుల్ని సాకే కులాల మీద నింద వేయడానికి ఈ శాస్త్రాన్ని వాడుకునేవాళ్లున్నారు కాబట్టి గట్టిగా చెప్పాలి. పందిని జబ్బుపడేలా చేసింది మనిషి మలమే, ఆ మలం ఏ కులానిదైనా కావచ్చు.

ఇంకో అభ్యంతరం ఇంతకంటే బరువైనది. వేలూరు లెక్క కోడుమూరుకు ఎలా వర్తిస్తుంది? వేలూరు జిల్లాలో రాజశేఖర్ బృందం 50 వేలకు పైగా జనాభాను ఇల్లిల్లూ తిరిగి పరీక్షించి, 2006లో ఫలితం ప్రకటించింది. ఫిట్స్ ఇంకా వస్తున్నవారు వెయ్యికి దాదాపు నలుగురు. వారిలో సుమారు మూడో వంతు మందికి కారణం ఈ తిత్తే. ఈ లెక్కను కర్నూలు జిల్లాకు ఉన్నదున్నట్టు అంటగట్టడం తప్పే. అయితే హైదరాబాదు నిమ్స్‌లో జె.ఎం.కె. మూర్తి, ఆయన సహచరులు 1990లలో తెలుగు రోగుల మీద ప్రచురించిన పరిశోధనల్లో కూడా, కారణం దొరికిన మూర్ఛల్లో ఈ ఒంటి మచ్చలు ముందు వరుసలోనే ఉన్నాయి. వీధుల్లో తిరిగే పందులు, ఊరి చివర ఆరుబయలు, ఎండాకాలం నీటికి కటకట, ఇవి వేలూరుకు ఎంత తెలుసో హంద్రి ఒడ్డు పల్లెలకూ అంతే తెలుసు. మూడో వంతు కాక నాలుగో వంతే అనుకున్నా వాదన చెడదు. వంశం వల్ల వచ్చే మూర్ఛలే లేవని కూడా అనను. దక్షిణ భారతంలోనే అలాంటిదొకటి బాగా పేరుపడింది. కాగిన నీళ్లు తలమీద గబగబా పోసుకుంటే వచ్చే ఫిట్స్. న్యూజీలాండ్‌లో 1945లో ఒక కేసు రాశారు గానీ, దీన్ని పెద్ద సంఖ్యలో గుర్తించి అధ్యయనం చేసింది బెంగళూరులో కె.ఎస్. మణి, 1960ల చివర్లో. తర్వాత నిమ్హాన్స్‌లో సతీశ్‌చంద్ర కొనసాగించారు. కొన్ని కుటుంబాల్లో ఇది తరాలుగా కనపడుతుంది, జన్యువుల వెతుకులాట సాగుతోంది. అయినా దీనికి చికిత్సలో మొదటి మెట్టు ఏమిటి? నీళ్లు గోరువెచ్చగా పెట్టుకోవడం. వంశంలో ఉన్న జబ్బు కూడా అలవాటు మార్చుకుంటే లొంగుతుందంటే, ‘వంశం’ అన్న మాట విని చేతులెత్తేయడం ఎంత తొందరపాటో తెలుస్తోంది.

కారణం ఏదైతేనేం, ఫిట్స్ ఆగడమే ముఖ్యం కదా అనేవాళ్లతో నాకు పేచీ లేదు. 1912లో జర్మనీలో హాప్ట్‌మన్ మూర్ఛకు పనిచేస్తుందని గుర్తించిన ఫినోబార్బిటాల్, 1938లో అమెరికాలో మెరిట్, పట్నం అనే ఇద్దరు అందించిన ఫినైటాయిన్, ఈ రెండూ పాతవే, చౌకవే, ఇప్పటికీ పనిచేసేవే. పైన చెప్పిన మణి గారే కర్ణాటకలోని యళందూరు పల్లెల్లో ఈ రెండు మందులతోనే, ఊళ్లోనే ఉంచి, ఏళ్లతరబడి చికిత్స నడిపి 2001లో లాన్సెట్‌లో ఫలితాలిచ్చారు. పెద్దాసుపత్రీ ఖరీదైన మందూ లేకుండానే ఎక్కువమందికి ఫిట్స్ అదుపులోకి వస్తాయని ఆ అధ్యయనం చెప్పింది. మరి కోడుమూరు పల్లెల్లో అదుపులోకి ఎందుకు రావు? మందు మానేయడం వల్ల. నాలుగు నెలలు ఫిట్స్ రాకపోతే తగ్గిందనుకుని మానేస్తారు. సుగ్గికి పోయినప్పుడు మానేస్తారు. వానలు ముఖం చాటేసిన ఏడు కర్నూలు పడమటి పల్లెలు గుంటూరు మిరపకోతలకు కుటుంబాలతో సహా కదులుతాయి. బియ్యం మూటా పాత్రలూ లారీ ఎక్కుతాయి గానీ మాత్రల చీటీ ఇంట్లోనే ఉండిపోతుంది. ఫినోబార్బిటాల్ ఉన్నట్టుండి ఆపితే మొదటికంటే గట్టిగా, వరుసగా ఫిట్స్ వచ్చే ప్రమాదముంది. అక్కడ, చేలో, గుడారాల్లో, ఉల్లిగడ్డ వాసన చూపించి, చేతిలో ఇనప తాళంచెవులు పెట్టి కూర్చుంటారు. తాళంచెవి వల్ల మేలూ లేదు, కీడూ తక్కువే. కానీ ఫిట్స్ ఐదు నిమిషాలు దాటి ఆగకపోతే ఆసుపత్రికి పరుగెత్తాల్సిన సమయం ఆ తాళంచెవులతో గడిచిపోతుంది.

మందు రోగిని కాపాడుతుంది, రాబోయే రోగిని కాపాడదు. అదే నారికురుపు నేర్పిన పాఠం, అదే పెరూ దేశం ఈ పురుగు విషయంలో చేసి చూపిన పని. టుంబెస్ అనే ప్రాంతంలో 107 పల్లెల్లో మనుషులకు పురుగు మందు, పందులకు మందూ టీకా కలిపి ఇచ్చి, 2016లో ఫలితం ప్రకటించారు. చివరికి 105 పల్లెల్లో జబ్బు సోకిన పంది ఒక్కటీ మిగల్లేదు. పందులకు టీకా మన పంచాయతీలకు దూరపు మాటగా అనిపించవచ్చు. దగ్గరి మాటలున్నాయి. కట్టిన మరుగుదొడ్డికి నీళ్లందేలా చూడమని పంచాయతీని అడగండి, నీళ్లు లేని దొడ్డి గడ్డివాముకే పనికొస్తుంది. పందుల్ని వీధుల్లో వదలకుండా దొడ్లలో పెంచుకునేలా వాటి పెంపకందార్లకు స్థలం ఇప్పించండి, తుపాకులతో కాల్పించడం పరిష్కారం కాదు. మలంలో రిబ్బను ముక్కల్లాంటివి కనపడితే సిగ్గుపడకుండా డాక్టరుకు చెప్పండి. సుగ్గికి పోయే ఇంట్లో ఫిట్స్ రోగి ఉంటే సరిపడా మాత్రలు ముందే తీసుకుని, చీటీ ఫోటో ఫోనులో పెట్టుకోండి. ఇక పెళ్లిసంబంధం దగ్గర ఎవరైనా ‘వాళ్ల వంశంలో ఫిట్స్ ఉన్నాయంట’ అంటే, స్కానులో ఏముందో అడగండి.